బాపమ్మ ముద్ద

పొద్దున్నే పెరుగన్నం గిన్నె పట్టుకుని మంచం చుట్టూ తిరగడం శంకరవ్వకు రోజూ ఉండే పనే. ముందు మనవడు సాయిచంద్, వెనకాల ఆమె. వాడు కిటికీ దగ్గరికి వచ్చి ఒక్క క్షణం ఆగుతాడు. ఆ క్షణంలోనే ముద్ద నోట్లోకి వెళ్లిపోవాలి. మళ్లీ తిరుగుడు మొదలు. ఆరేళ్లు వచ్చినా చందుకు మాటలు రాలేదు గానీ, వాడికేం కావాలో శంకరవ్వకు తెలియనిది లేదు. బీరువా తలుపు తడితే స్టీలు మూత కావాలి, దాన్ని గచ్చు మీద గిరగిరా తిప్పుకుంటాడు. పెదవులు చప్పరిస్తే నీళ్లు. వాడు చప్పరించేదాకా కూడా ఆమె ఆగేది కాదు. ఎండ ముదిరిందంటే తానే గ్లాసు తెచ్చి వాడి పెదవికి ఆనించేది.

“వాని కడుపుల ఏమున్నదో నాకెరుక,” అని లక్సెట్టిపేటలో తమ వాడకట్టు ఆడవాళ్లతో గర్వంగా చెప్పుకునేది. “నీ అసొంటి బాపమ్మ ఉంటే వానికి ఇంకేం గావాలె,” అని వాళ్లూ అనేవారు.

రెండేళ్ల కిందట కరీంనగర్‌లో డాక్టరు చందును పరీక్షించి ఆటిజం అని చెప్పాడు. వారం వారం తీసుకురమ్మన్నాడు. బస్సు హారన్ వింటే చాలు, చందు చెవులు మూసుకుని కింద పడి పొర్లేవాడు. కొన్నాళ్లు తిప్పి మానేశారు. ట్రాలీ ఆటో నడుపుకునే చందు తండ్రి శ్రావణ్, కొడుకు కోసం అంతకు మించి ఏం చేయాలో తెలియక ఊరుకున్నాడు. అలాంటి సమయంలో ఊళ్లోనే, పాత బడి గదిలో, గురువారం గురువారం శిక్షణ మొదలైంది. మంచిర్యాల నుంచి రమ మేడం వచ్చేది. ఇలాంటి పిల్లలున్నవాళ్లు చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చి చాప మీద గుండ్రంగా కూర్చునేవారు. పిల్లలతో ఇంట్లో ఎలా ఆడాలో, తమకు కావలసింది వాళ్లే అడిగేలా ఎలా చేయాలో ఒకరి అనుభవం ఒకరికి చెప్పుకుంటూ నేర్చుకునేవారు. శ్రావణ్ భార్య నవత ఒక్క వారం కూడా మానలేదు.

ఒక గురువారం పొద్దున శంకరవ్వ పక్కింటి నుంచి తోడుకు పెరుగు తీసుకుని వచ్చేసరికి వంటింట్లో చందు ఏడుపు వినిపించింది. నీళ్ల సీసా పైన గూట్లో ఉంది. వాడు దాన్నే చూస్తూ కాళ్లు నేలకేసి కొడుతున్నాడు. నవత వాడి ఎదురుగా నేల మీద కూర్చుని, అరచెయ్యి చాపి, కదలకుండా చూస్తోంది.

“ఏందే? పోరడు గట్ల ఏడుస్తుంటె కూసోని సూస్తున్నవ్?”

“నీళ్లు గావాలె అత్తమ్మా వానికి. నా చెయ్యి పట్టుకొని సూపిస్తడు. జర ఆగుండ్రి.”

“నీళ్లు గావాల్నని ఎరుకేనాయె! ఎరుకుండి గూడ ఇయ్యవా?”

“ఎరుకైనా ఆగాలె అత్తమ్మా. ఒక్క నిమిషం ఆగితేనే అడుగుడు నేర్చుకుంటడు.”

శంకరవ్వ వినలేదు. సీసా దింపి వాడి నోటికి పెట్టింది. వాడు గటగటా తాగి, ఏడుపు మాని, తన పాటికి తాను వెళ్లిపోయాడు. నవత చాపిన చెయ్యి మెల్లగా ఒళ్లో పెట్టుకుంది.

“నోరు లేని పోరన్ని దూపకు సంపుమన్నదా గా మేడం?”

“గట్లనకుండ్రి. వాడు అడగక ముందుగాల్నే అన్నీ మీరే ఇస్తుంటే వాడెందుకు అడుగుతడు? రేపు మనం లేనినాడు వాని బాధ ఎవలకు చెప్పుకుంటడు?”

ఆటో తుడుచుకుంటున్న శ్రావణ్ గుడ్డ చేత్తోనే లోపలికొచ్చాడు. శంకరవ్వ సీసాను గూట్లోకి విసురుగా తోసింది.

“అంటే వానికి మాటలు రాకపోవుడు నాతోనే అయిందంటవా?”

నవత తల వంచుకుంది.

“అవ్వా, గా మాట ఆమె అనలే,” అన్నాడు శ్రావణ్.

“అనకుంటె సప్పుడు జేయకెందుకున్నది? పుట్టినప్పటి సంది సంకల నుంచి దించకుండ సాదిన. ఇయ్యాల నేను పాపాత్మురాలినైన్నా?”

నవత కళ్లు తుడుచుకుని, వంట ముగించి, మధ్యాహ్నం శిక్షణకు వెళ్లింది. ఆమె సందు మలుపు తిరగగానే శంకరవ్వ చందు బట్టలు సంచిలో కుక్కి, తెలిసినవాళ్ల ఆటో మాట్లాడుకుని, శ్రీరాంపూర్‌లో ఉన్న కూతురు స్వరూప దగ్గరికి బయలుదేరింది. దారిలో, కిరాయికి వెళ్లిన కొడుక్కి ఫోన్ చేసి ఒకే మాట చెప్పింది: “నాలుగొద్దులు మమ్ముల నిమ్మలంగ ఉండనియ్యుండ్రి.”

స్వరూప భర్త బొగ్గు గనిలో పని చేస్తాడు. వాళ్లది కంపెనీ క్వార్టర్, రెండు గదులు. మొదటి రోజు బాగానే గడిచింది. చందు గిన్నె మూత తిప్పుకుంటూ కూర్చున్నాడు. నవత ఫోన్ చేస్తే శంకరవ్వ తియ్యలేదు. కూతురు మాట్లాడి, “మంచిగనే ఉన్నడు నవతా, ఫికర్ చెయ్యకు. అవ్వ కోపం తగ్గినంక నేనే పంపిస్త,” అంది.

రెండో రోజు మధ్యాహ్నం శంకరవ్వ అన్నం కలుపుతుంటే చందు వచ్చి ఆమె మణికట్టు పట్టుకున్నాడు. పట్టుకుని ఆ చేతిని తన ముఖం వైపు లాక్కున్నాడు. శంకరవ్వకు ఒళ్లు పులకరించింది.

“సూసినవా స్వరూపా! బువ్వ అడుగుతుండు! గా మేడం ఏం నేర్పిందో గని, నా తాన ఆకలితో ఏడిపియ్యకుంటనే వాడు అడుగుతుండు!”

పెద్ద ముద్ద చేసి వాడి నోట్లో పెట్టింది. వాడు కేక పెట్టి ఉమ్మేశాడు. గిన్నె తన్నాడు. ఊరు కాని ఊరు, వాడికి ఇక్కడి బియ్యం పడలేదేమో అనుకుని ఆమె అన్నం మార్చి వండించింది. సాయంత్రం వాడు మళ్లీ ఆమె చెయ్యి లాగాడు. ఆమె మళ్లీ ముద్ద పెట్టింది. ఈసారి వాడు ఆమె చేతిని తోసేసి గోడ మూలకు వెళ్లి కూర్చున్నాడు.

మూడో రోజు వాడు ఏమీ తినలేదు. పిడికిలితో తలకేసి కొట్టుకుంటున్నాడు. శంకరవ్వ నీళ్లిచ్చింది, పాలిచ్చింది, మూత ఇచ్చింది, దొడ్డికి తీసుకెళ్లింది, ఎత్తుకుని క్వార్టర్ల మధ్య తిప్పింది. ఏదీ కాదు. ఇంట్లో అయితే వాడు ఏ మూల నిలబడ్డాడో చూసి చెప్పగలిగేది. ఇక్కడ ఆ గూళ్లు లేవు, ఆ బీరువా లేదు. మనవడి ముఖం చూస్తుంటే ఎవరో తెలియని పిల్లవాడిని చూస్తున్నట్టుంది.

“అవ్వా, నాకు భయమైతుంది. నేను నవతకు ఫోన్ చేస్తున్న,” అంది స్వరూప. శంకరవ్వ వద్దనలేదు.

నవత వచ్చేసరికి ఎండ దిగుతోంది. అత్తను ఏమీ అనలేదు. చెప్పులు విడిచి, నేరుగా వెళ్లి కొడుకు ఎదురుగా నేల మీద కూర్చుంది. అరచెయ్యి చాపింది.

“చందూ, అమ్మకు సూపెట్టు.”

వాడు తల కొట్టుకుంటూనే ఉన్నాడు. శంకరవ్వ ఏదో చెప్పబోతే స్వరూప ఆమె భుజం పట్టుకుంది. నవత చెయ్యి అలాగే ఉంది. కాసేపటికి వాడి పిడికిలి ఆగింది. తల్లి మణికట్టు పట్టుకుని, ఆ చేతిని లాక్కెళ్లి, తన ఎడమ దవడకు ఆనించుకున్నాడు.

నవత వాణ్ణి ఒళ్లోకి తీసుకుని, బుజ్జగించి నోరు తెరిపించింది. స్వరూప ఫోన్ వెలుతురు పట్టింది. లోపలి పన్ను పక్కన చిగురు ఎర్రగా వాచి, చీము పట్టి ఉంది.

“గీ చెయ్యి పట్టి సూపెట్టుడు ఎన్నడు నేర్పినవే?” అంది శంకరవ్వ.

“మీరు గుడికి పోయినప్పుడు అత్తమ్మా, రోజు జరంత సేపు. మీ ముందట చేస్తె మీకు మనసున పడదని.”

కన్నతల్లి తన కొడుక్కి చెయ్యి పట్టుకోవడం నేర్పడానికి అత్త ఇల్లు దాటేదాకా కాచుకుని కూర్చుంది. ఆ మాట శంకరవ్వ గుండెలో ముల్లులా దిగింది.

శ్రావణ్ ఆటో తెచ్చాడు. మంచిర్యాలలో పళ్ల డాక్టరు వాడి నోరు చూసి ముఖం చిట్లించాడు. “ఇది ఇవ్వాళ్టిది కాదమ్మా. రెండు మూడు రోజుల నుంచి బాగా నొప్పి ఉండి ఉంటుంది. బాబు చెప్పలేదా?”

నవత, వాడికి మాటలు రావని చెప్పబోయింది. అంతలో శంకరవ్వే అంది:

“చెప్పిండు సారూ. నాకు చెప్పిండు. రెండుసార్లు నా చెయ్యి పట్టి గుంజి చెప్పిండు. నేనే ఇనలే.”

ఆమె అక్కడే నేల మీద కూలబడిపోయింది. ఆరేళ్లలో మొట్టమొదటిసారి వాడు ఆమెను ఒకటి అడిగాడు. నొప్పిగా ఉంది, చూడమన్నాడు. ఆమె ఆ నొప్పి మీదే ముద్ద పెట్టి కుక్కింది.

శ్రావణ్ చందును ఎత్తుకుని డాక్టరు వెంట లోపలికి వెళ్లాక అత్తాకోడళ్లు బయట బల్ల మీద కూర్చున్నారు.

“వాడు కేక పెట్టిండు బిడ్డా. బియ్యం పడలేదనుకున్న,” అంది శంకరవ్వ. “నా చేతులు ఇరగ.”

“గట్లనకుండ్రి అత్తమ్మా.” నవత ఆమె వైపు జరిగింది. “మీరు ఎత్తుకొని సాదకుంటె వాడు గింతగనం పెరిగెటోడే గాదు. నాకు తెల్వదా? కోపమొచ్చింది నాకు, అబద్ధమెందుకు. తాళం తీసి చూస్తే ఇల్లంత ఖాళీ. పానం పోయినంత పనైంది. గని గా దినం మీరడిగినప్పుడు నేను కాదని చెప్తె మీరు పోకపోదురు. సప్పుడు జేయకున్న. గది నా తప్పు.”

శంకరవ్వ కోడలి చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది. “వచ్చే గురువారం నన్ను గూడ తీస్కపో,” అంది.

ఆ గురువారం పాత బడి గదిలో చాప మీద కూర్చున్నవాళ్లలో అందరికంటే పెద్దది శంకరవ్వే. రమ మేడం చెప్పినవాటిలో సగం అర్థమయ్యాయి, సగం కాలేదు. తోటివాళ్లలో ఒకే ఒక్క మగవాడు, భూమన్న, తన బిడ్డ గురించి చెబుతూ ఆమె వైపు తిరిగాడు. “మా పోరి ఏడిస్తె నేను గూడ ఉరికి ఇచ్చెటోన్నవ్వా. ఇచ్చుడు అల్కగుంటది, కష్టమేమున్నది. ఇయ్యకుంట ముందల కూసునుడే పానం తీస్తది.” చాప మీదున్న ఆడవాళ్లంతా తలలూపారు. శంకరవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఎవరూ ఆమెను ఊరుకోమనలేదు.

ఇంట్లో రోజులు తేలిగ్గా గడవలేదు. కొద్ది వారాల్లో చందు తల్లి చెయ్యి పట్టి గూటి దాకా తీసుకెళ్లసాగాడు. తండ్రి చెయ్యి పట్టి ఆటో దగ్గరికి నడిపించాడు. శంకరవ్వ దగ్గర మాత్రం అడిగేవాడు కాదు. ఆమె కనబడితే చాలు, వచ్చి నోరు తెరిచి నిలబడేవాడు. ఆమె అంటే వాడికి ముద్ద, అంతే. ఆమె ఒట్టి చెయ్యి చాపి కూర్చుంటే, తెరిచిన నోరు తెరిచినట్టే ఉంచి కాసేపు చూసి, తల్లి దగ్గరికి వెళ్లిపోయేవాడు.

“నేనే వాని నోరు గట్ల అలవాటు చేసిన,” అనేది ఆమె నవతతో.

“ఇంకా ఆరేండ్లు పట్టినా పట్టనియ్యుండ్రి అత్తమ్మా. మీరు కూసోండ్రి.”

ఆమె రోజూ కూర్చుంది. ఒక మాపటి వేళ, నవత బట్టలు మడత పెడుతుండగా, చందు వచ్చి ఎప్పటిలాగే శంకరవ్వ ముందు నోరు తెరిచాడు. తర్వాత నోరు మూశాడు. ఆమె అరచేతి మీద తన వేళ్లు పెట్టాడు. పట్టుకోలేదు, లాగలేదు, ఊరికే పెట్టాడు. నీళ్ల కోసమో, మూత కోసమో, ఇంకెక్కడైనా నొప్పిగా ఉందో ఆమెకు అంతు పట్టలేదు. లేచి ఏదో ఒకటి తెచ్చి ఇవ్వాలని ప్రాణం కొట్టుకుంది. కదలకుండా వాడి ముఖంలోకి చూసింది.

“ఏం గావాలె బిడ్డా?” అంది.

అని, తన గొంతులో ఆ మాట తనకే కొత్తగా వినిపించి ఆగిపోయింది. ఇన్నేళ్లలో వాణ్ణి ఆమె ఆ మాట ఎన్నడూ అడగలేదు. కళ్ల నుంచి నీళ్లు కారుతుంటే తుడుచుకోవడానికి కూడా చెయ్యి తియ్యలేదు. వాడి వేళ్లు ఇంకా ఆ చేతి మీదే ఉన్నాయి.