పసుపులో మడమ అడుగులు

"సార్, చచ్చిపోయిన మా ఆయన గోదాంల నడుస్తున్నడు," అంది విమల, కొంగు నోట్లో కుక్కుకుని.

డిటెక్టివ్ గంగాప్రసాద్ నవ్వలేదు. అసిస్టెంట్ సంధ్యారాణి నవ్వబోయింది కానీ, ఆర్మూర్ పసుపు మార్కెట్ వెనక, విమల ఇంటిని ఆనుకున్న ఆ గోదాములో కాలు పెట్టగానే ఆ నవ్వు కాస్తా మింగేసింది. వేసిన తాళం వేసినట్టే ఉందట. ఎత్తు కిటికీకి వేసిన నిచ్చెన కింద బస్తా చిట్లి, పసుపు పొడి నేలంతా పరుచుకుంది. దాని మీద అడుగులు. ఎడమ పాదం నిండుగా పడింది. కుడిది మడమ ఒక్కటే. అమ్మో, వేళ్ళే లేవు!

"మీ ఆయన ఎట్లా నడిచేవారు?"

"గిట్లనే సార్. గా నిచ్చెన మెట్టు ఊగుతది. దాంట్ల కాలు ఇరికి పడ్డడు. దవాఖానల పండుకోబెట్టి ఎక్స్‌రే తీసి ఏం లేదన్నరు. బెణికిందని పసుపూ సున్నం పట్టేసినం. పోయినేడు గుండెపోటుతోని పోయేదాక మడమ మీదనే నడిచిండు."

వారం నుంచి పసుపు పాలిష్ పట్టే డ్రమ్ము రాత్రిళ్ళు దానంతటదే తిరుగుతోందట. మొన్న పొద్దున ఈ అడుగులు. ఇక భయానికి తాళలేక, భర్త కట్టించిన గోదాము రేపు మరిది కిషన్‌కు రాసిచ్చేస్తోంది.

పక్క గోదాము కిషన్‌దే. కుంటుతూ వచ్చాడు. "మొన్న కాలు మీద బస్తా పడ్డది సార్." హమాలీ గంగాదాస్ కూడా కుంటుతున్నాడు. అతనిదీ అదే మాట. ఇద్దరి కుడిపాదాలకూ మందంగా పసుపు పట్టు.

గంగాప్రసాద్ అందరినీ గోదాములోకి పిలిచి బకెట్‌తో నీళ్ళు తెప్పించాడు. "కాళ్ళు కడగండి."

గంగాదాస్ పాదం పైభాగం నల్లగా కమిలి ఉంది. కిషన్‌ది వాచిందంతే.

"అరికాలు చూపించు కిషన్."

అరికాలి నడుమ నీలంగా కమిలిన మచ్చ!

"బస్తా పడితే గంగాదాస్‌కు లాగా పైన కమలాలి. నీకు అరికాలు కమిలింది. అంటే పాదం ఎక్కడో ఇరుక్కుని, ఒంటి బరువంతా పడి మెలి తిరిగి, నడిమి ఎముకల్ని పట్టి ఉంచే లిగమెంట్ తెగింది. నీ గోదాము పైకప్పు మీంచి ఆ ఎత్తు కిటికీలో దూరి, డ్రమ్ము తిప్పి మీ వదినను జడిపించావు. మొన్న ఆ ఊగే మెట్టే నీ కాలూ పట్టింది. నువ్వు పడితే బస్తా చిట్లింది. మడమ అడుగులు నువ్వు కావాలని వేసినవి కావు. మీ అన్నకు తగిలిన దెబ్బే తగిలింది, ఆయన నడకే వచ్చింది."

కిషన్ కూలబడ్డాడు. "తప్పైంది వదినా."

విమల అతని వంక చూడనే లేదు. "గా దెబ్బ నయమైతదా సార్?"

"అవుతుందమ్మా. నిలబెట్టి ఎక్స్‌రే తీస్తే ఎముకల మధ్య సందు బయటపడుతుంది. కట్టు కట్టి, కొన్ని వారాలు కాలు కింద పెట్టనివ్వరు. సందు పెద్దదైతే స్క్రూలు వేస్తారు. నిర్లక్ష్యం చేస్తే మాత్రం జీవితాంతం కుంటడమే."

"అంటే, మా ఆయనను గూడ నిలబెట్టి తీసుంటే..."

"సందు అప్పుడే తెలిసేదమ్మా," అన్నాడు గంగాప్రసాద్.

విమల ఆ మడమ అడుగుల వైపు తిరిగింది.

"గోదాం ఎవ్వలకూ ఇయ్య," అంది. "పోలీసుల సంగతి తర్వాత సూస్తం. గంగాదాస్, ఆటో పిలువు. ముందుగాల వీన్ని దవాఖానకు తీస్కపోదం. ఈ ఇంట్ల ఒక్కరు కుంటింది చాలు."