ఆరో ఈక

మిలిట్రీవాడెవడో వచ్చి కళావతిని జీపెక్కించుకుని భూపాలపల్లి వైపు పోయాడట!

ఎల్లక్క చెప్పింది. ఎల్లక్కకు కిరాణా కొట్టు కల్పన చెప్పిందట. "మొగడు మాయమై రెండేండ్లాయె, ఇగ ఎవలు పిలిస్తే వాళ్ల ఎంట పోవుడేనా?" అని కూడా అన్నదట. ఆ మాట తనది కాదట, కల్పనదేనట.

భద్రు అదంతా వినలేదు. కల్పన ఫోన్‌లో తీసిన ఫొటో ఒక్కటి చూశాడు.

చాలు.

ఇప్పుడు బండి ఎనభైలో ఉంది.

నర్సంపేట దాటింది. పరకాల దాటింది. మిట్టమధ్యాహ్నం. సంచిలో బట్టలు కత్తిరించే పెద్ద కత్తెర. పోతూ పోతూనే చెల్లెలు కళావతికి ఫోన్ కలుపుతాడు.

స్విచ్ఛాఫ్!

మళ్లీ...

స్విచ్ఛాఫ్!

భయం వేయాలి. వేయడం లేదు. లోపలంతా మొద్దుబారింది. చెయ్యి మాత్రం యాక్సిలరేటర్ తిప్పుతోంది.

గూడూరులో అతనిది టైలర్ షాపు. పిచ్చి మాత్రం ప్యాచ్‌ల మీద. సైనికుల భుజాల మీద కుట్టే గుడ్డ బిళ్లలు. మూడు వందల పైచిలుకు పోగేశాడు. ఎక్కడెక్కడి వాళ్లో వాట్సాప్‌లో ఫొటో పెట్టి అడుగుతారు... అసలుదా, నకిలీదా? భద్రు చెప్తే చెప్పినట్టే.

ఫొటోలో ఆ మిలిట్రీవాడి భుజం మీద డేగ ప్యాచ్ ఉంది. రెక్కకు ఆరు ఈకలు.

ఆరు!

ఆ డేగ యూనిట్‌లోనే కదా బావ జైపాల్ చేసేది! కళావతి మొగుడు. సెలవులో ఎప్పుడొచ్చినా మామూలు బట్టల్లోనే వచ్చేవాడు. ఊళ్లోకి యూనిఫాం మీద రావద్దని ఆర్డరట. భద్రు నెలల తరబడి వెంటపడితే చివరికి ఒక ప్యాచ్ చేతిలో పెట్టాడు.

"నాలుగేండ్లు భుజం మీద మోసిన బావా. పైలంగ పెట్టుకో."

దానికి ఐదే ఈకలు.

అదే భద్రుకు కొలబద్ద. జనగామలో పాత సామాన్లమ్మే సాంసన్ దగ్గర ఆరు ఈకల డేగలు మూడు కనిపిస్తే, కొని అక్కడికక్కడే అడ్డంగా కత్తిరించి పారేశాడు. నకిలీది మళ్లీ బజారుకు రాకూడదు. అది అతని నియమం.

"మూడిట్ల ఒక్కతీరు తప్పుంటదా భద్రన్నా? జర నీదాన్నే తిరగేసి సూడరాదు?" అన్నాడు సాంసన్.

"మా బావదాన్ని తిరగేసి సూస్తనారా? నోర్ముయ్యి!"

తిరగేయడానికి వీల్లేదు కూడా. తల్లి మంగ్లీ దాన్ని నల్లగుడ్డ మీద పెట్టి, చుట్టూ అద్దాలూ గవ్వలూ వేసి కుట్టేసింది. అల్లుడికి తండా ఇచ్చే మర్యాద. ఆ గుడ్డ ఇప్పుడు భద్రు చొక్కా లోపల ఉంది. పోలీసులకు చూపించాలి కదా... ఇదిగో అసలుది, వాడిది దొంగది అని!

పోయిన నెలే మహబూబాబాద్ దగ్గర మిలిట్రీ బట్టల్లో వచ్చినవాడొకడు ముసలమ్మ పుస్తెలతాడు తెంపుకుపోయాడు.

చిట్యాల రోడ్డు చీలే దగ్గర పత్తి లారీ పక్కకు ఒరిగింది. రోడ్డంతా తెల్లగా పత్తి. బండ్లన్నీ ఆగాయి.

అదిగో జీపు!

భద్రు బండిని అలాగే వదిలేస్తాడు. అది పడిపోతుంది. చూడడు. నాలుగు అంగల్లో జీపు దగ్గర ఉన్నాడు. ముందు సీట్లో మిలిట్రీవాడు. వాడి మెడ మీద కత్తెర!

"దిగురా దొంగ నాకొడకా!"

క్లిక్!

డ్రైవర్ చేతిలో పిస్టల్. మామూలు చొక్కాలో ఉన్నాడు గానీ, పట్టుకున్న తీరు మామూలుగా లేదు.

"కానిస్టేబుల్ వేణును. కత్తెర దించు. కాలుస్త!"

"పోలీసువా? వీని ప్యాచే నకిలీ... నువ్వెక్కడి అసలోనివి!"

వెనక సీట్లో కళావతి. అన్నను చూస్తుంది. అరవదు. ఏడవదు. ఒళ్లో చేతులు పెట్టుకుని, "మా అన్న" అంటుంది, అంతే.

మెడ మీద కత్తెర ఉన్నా మిలిట్రీవాడు కదలడు.

"వేణూ, ఆగు. అన్నా, నా పేరు మల్లేశం. సుబేదార్‌ను. మాది చిట్యాలనే, సెలవు మీదొచ్చిన. ప్యాచే కదా నీ అనుమానం? కోసుకో. సూసుకో."

టక్!

కత్తెర భుజం మీది దారాన్ని తెంపుతుంది. భద్రు ప్యాచ్ తిరగేస్తాడు. కుట్టు సంగతి వెనకనే తెలుస్తుందని నేర్పింది తల్లే.

ముందు వైపు ఎండకు వెలిసింది. వెనక రంగు ముదురుగా అలాగే ఉంది. అంచు చుట్టూ సూది రంధ్రాలు... మూడు వరసలు. ఊడదీసి, ఉతికి, మళ్లీ కుట్టిన గుర్తులు.

ఇది భుజం ఎక్కిన ప్యాచ్.

అసలుది!

కత్తెర కిందికి దిగుతుంది.

"భూపాలపల్లి దవాఖానల ఒక శవం ఉన్నది, గుర్తువట్టనీకె నీ చెల్లెను తోల్కపోతున్నం," మల్లేశం నెమ్మదిగా చెప్తాడు. "మిలిట్రీల నౌకరిప్పిస్తనని పోరగాండ్లను నమ్మిచ్చిండట. ఎవలో కొట్టి సంపిండ్రు. జేబుల జైపాల్ పేరు మీద మా యూనిట్ కార్డు, ఊరి పేరు రాసిన నీ చెల్లె ఫొటో. కార్డు సూసి పోలీసోళ్లు నన్ను పిలిచిండ్రు. ఇంటోళ్లకు కబురు యూనిఫాంల పోయి చెప్పాలె గదా, ఏసుకున్న. తీరా సూస్తే జైపాల్ అనేటోడు మా యూనిట్ల ఎన్నడూ లేడన్నా."

"అబద్ధం!"

భద్రు చొక్కాలోంచి నల్లగుడ్డ లాగుతాడు. కత్తెర మొనతో తల్లి కుట్టును తెంపుతాడు. అద్దాలు రాలుతాయి. గవ్వలు రాలుతాయి.

ఐదు ఈకల డేగ... ఎనిమిదేళ్ల తర్వాత మొదటిసారి బోర్లా పడుతుంది.

ముందూ వెనకా ఒకటే మాసిన రంగు. పాతదనిపించడానికి చాయ్ నీళ్లలో నానబెట్టిన రంగు! అంచున ఒక్క సూది రంధ్రం లేదు. ఇది ఏ భుజమూ ఎక్కలేదు.

నకిలీది!

ఇంకా ఏదో ఉంది. కుట్లు లెక్కపెడతాడు. ఆరు పడి, ఏడోది దాటింది. మళ్లీ ఆరు పడి, ఏడోది దాటింది...

భద్రుకు ఆ దాటు తెలుసు. ఇరవై ఏళ్లుగా రోజూ దాన్ని తిట్టుకుంటూనే కుడుతున్నాడు.

తన షాపులో మిషన్!

పిస్టల్ ఇంకా అతని వైపే ఉంది. దాన్ని చూడడు. చెల్లెలి వైపు తిరుగుతాడు.

"ఎవలు కుట్టిండ్రే ఇది?"

కళావతి ఆ డేగను కాసేపు చూస్తుంది. ఎవరిదో వస్తువును చూసినట్టు.

"నేనే. నువ్వు జనగామ పోయిన దినం. ప్యాచ్ ప్యాచ్ అని ఆయన పానం తీస్తివి, ఇయ్యకుంటే దొరికిపోతుండె. ఆరో ఈకకు దారం సాలలే."