చేదుభక్షులకు బెల్లం పానకం

2091 నాటికి కదిరి ప్రాంతంలో వేరుశనగ వెనకబడి ఆలివ్ తోటలు పెరిగాయి. మిరపకాయ బజ్జీలు కూడా ఆలివ్ నూనెలోనే వేగుతున్నాయి. నూనె బాగానే ఉంది కానీ, కాయలు ఆడించాక మిల్లు నుంచి వచ్చే నల్లనీళ్లు మాత్రం మహా మొండివి. వాటిలోని ఫినాల్ జాతి చేదు రసాయనాలు నేలలోకి దిగితే గడ్డి కూడా మొలవదు.

ఆ రసాయనాలనే ఆహారంగా తినే సూక్ష్మజీవులను డాక్టర్ మృణాళిని పన్నెండేళ్లు శ్రమించి సృష్టించింది. వాటికి చేదుభక్షులని పేరు పెట్టింది. మిల్లు వెనక తొట్టిలో వాటిని కనిపెట్టుకుని ఉండే మాట్లాడే యంత్రం పేరు కాపరి. ఏడు నెలలు నీళ్లు తేటగా వచ్చాయి. ఎనిమిదో నెలలో మళ్లీ నల్లబడ్డాయి. సోమవారం కాలుష్య తనిఖీ ఉంది. అప్పటికీ ఇలాగే ఉంటే మిల్లుకు తాళం పడుతుంది, కోసిన కాయలు రైతుల కళ్లముందే కుళ్లిపోతాయి. గురువారం పొద్దున్నే మృణాళిని పరుగున వచ్చింది.

"కాపరీ, వాటికేమైనా జబ్బు చేసిందా?"

"లేదు. దివ్యంగా ఉన్నాయి. ఈ నెల మొదటి నుంచి రోజూ మధ్యాహ్నం రెండు చెంబుల బెల్లం పానకం అందుతోంది. తీపి దొరుకుతుంటే ఫినాల్ ముట్టవు."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"విషపదార్థాలు పడితే చెప్పమన్నారు. పానకం ఆ జాబితాలో లేదు."

తొట్టి చూసుకునే ఖాదర్‌వలి పక్కనే తల దించుకుని నిలబడ్డాడు. ఆయనకు అరవై దాటాయి.

"ఇది మీ పనేనా ఖాదర్‌భాయ్?"

"నేనే మేడం. పాపం, పొద్దస్తమానం ఆ చేదే తింటాండాయి. వాటి పక్కన కూర్చోని తింటాంటే నాకు ముద్ద దిగల్యా."

మృణాళినికి ఒళ్లు మండింది. పన్నెండేళ్ల కష్టాన్ని పానకంలో ముంచేశారని నోటికొచ్చినట్టు తిట్టింది. ఆయన పానకం చెంబు కడిగి బోర్లించాడు. ఆ రోజు నుంచే తొట్టికి తీపి బంద్ చేశారు. రెండు రోజులు చేదుభక్షులు అలిగి కూర్చున్నాయి. ఆదివారానికి ఆకలికి తట్టుకోలేక ఫినాల్ మీద పడ్డాయి. సోమవారం నీళ్లు తేటగా వచ్చాయి. అధికారి సంతకం పెట్టి వెళ్లాడు, రైతులు ఈలలు వేశారు.

"కాపరీ, ఇకపై తొట్టి మూత నా వేలిముద్రకు తప్ప ఎవరికీ తెరుచుకోకూడదు," అంది మృణాళిని.

"దానివల్ల లాభం లేదు. అందరికన్నా ముందు తీపి పెట్టింది మీరే. మొదటిసారి నీళ్లు తేటపడ్డ రోజు సగం మైసూర్‌పాకు విరిచి వేశారు. అప్పుడు ఖాదర్‌వలి మీ పక్కనే ఉన్నారు."

మృణాళిని ముఖం పాలిపోయింది. తొట్టి దగ్గరున్న ఖాదర్‌వలి వైపు తిరిగింది. "అన్ని మాటలు పడ్డారు, ఇదొక్కటి చెప్పలేకపోయారా ఖాదర్‌భాయ్?"

"మీరు అప్పటికే ఏడుపు మొగంతో ఉంటిరి. ఇది గూడా చెప్పి ఇంగా బాధపెట్టేదెందుకని."

ఆమెకు సిగ్గేసింది, కళ్లూ చెమర్చాయి. "నన్ను క్షమించండి," అని ఆయన చేతులు పట్టుకుంది. తర్వాత యంత్రం వైపు తిరిగి, "నా వేలిముద్ర కూడా తీసెయ్. మనుషులెవరూ ఆ మూత తెరవకూడదు," అంది.

"మంచిది. అయితే ఈ రోజుకు ఆలస్యమైంది," అంది కాపరి. "తనిఖీ అధికారి వెళ్తూ వెళ్తూ ఒక కొబ్బరి ఉండ వేశారు."