పడవకు ముందు పోయిన పాస్‌పోర్టులు

మేడ మీది గది తాళాన్ని ఎవరో రంపంతో కోసేశారు. సూట్‌కేసులో నగలున్నాయి. డబ్బుంది. రెండు పాస్‌పోర్టులు మాత్రం లేవు.

ఇన్‌స్పెక్టర్ వంగి గడప మీది ఇనప రజను చూశాడు. ప్రతి మాటా తూచి మాట్లాడతాడని స్టేషన్‌లో ఆయన్ను తక్కెడ అంటారు.

"పడవ ఎప్పుడు?"

"రేపు పొద్దున," అంది ఆ గదిలో అద్దెకుంటున్న జంటలో భార్య. "మళ్లీ నెల తర్వాతే. ఆలోపు మా వీసా అయిపోతుంది. ఇక ఇంటికి పంపేస్తారు."

భర్త బట్టల వ్యాపారి. రెండేళ్ల క్రితం దుకాణం అమ్మేసి, భార్యతో కలిసి దేశాలు పట్టుకు తిరుగుతున్నాడు. ఎవరూ వెళ్లని ఊరు చూసుకుంటారు. వెళ్తే నెలల తరబడి ఉంటారు. ఏ కొట్లో ఏది బాగుంటుంది, ఎవరికి ఎవరితో పడదు, అన్నీ తెలిసేదాకా కదలరు. ఈ వీధివాళ్లు వాళ్లకు పెట్టిన పేరు నత్తల జంట.

"అసలీ ఊళ్లో చూడ్డానికేముంది?"

"మీరున్నారుగా," అంది ఆమె.

తక్కెడ నవ్వు ఆపుకున్నాడు. అందర్నీ గదిలోకి పిలిచాడు. ఇంటావిడ. కింది వాటాలో ఉండే మెకానిక్. మొన్న సాయంత్రం ఊళ్లో దిగిన భార్య తమ్ముడు. మధ్యాహ్నం జంట బజారుకెళ్లినప్పుడు ఇంట్లో ఉన్నది ఈ ముగ్గురే.

తమ్ముడే ముందు నోరు విప్పాడు. "ఇందులో ఆలోచించేదేముంది సార్? వీళ్లు కదలకపోతే అద్దె వచ్చేదెవరికి?"

"మాట జారకు నాయనా!" ఇంటావిడ లేచింది. "వీళ్లు పోతున్నారని నాకు ముద్ద దిగట్లేదు, నిజమే. అంతమాత్రాన దొంగనైపోతానా?"

"రంపం ఎవరిది?"

మెకానిక్ తల గోక్కున్నాడు. "నాదే సార్. షెడ్డులో గోడకి వేలాడుతుంటుంది. ఎవరైనా తీసుకోవచ్చు."

దొంగతనం కూడా బేరమే. లాభం లేనిదే ఎవడూ దిగడు. లాభం ఒక్కటే చూస్తే ఇంటావిడ వైపు మొగ్గాలి. తక్కెడ ఖర్చు కూడా చూశాడు.

"ఒక్క ప్రశ్న. ఈ గదిలోకి మీరంతా ఎలా వస్తారు?"

"డాబా మీంచి," అంది ఇంటావిడ. "బట్టలారేసి, అటునుంచటే తలుపు తోసుకుని వస్తా. దాని గడియ ఊడి ఎన్నాళ్లయిందో!"

"నేనూ అంతే," అన్నాడు మెకానిక్. "చదరంగం ఆడ్డానికి."

"మీరు?"

"ఇదిగో, ఈ తలుపే," అన్నాడు తమ్ముడు. "ఇంకెటు వస్తారు?"

తక్కెడ గది చివరికి నడిచాడు. తెర పక్కకు లాగి, దాని వెనకున్న తలుపును చిటికెన వేలితో తోశాడు. కిర్రుమంది. డాబా మీది ఎండ లోపలికి పడింది.

"ఊరికే దొరికే సరుకును ఎవడూ డబ్బు పోసి కొనడు. ఈ తలుపు సంగతి తెలిసినవాడు చెమటోడ్చి తాళం కోయడు."

"మనల్ని దారి తప్పించడానికి కోసుండొచ్చుగా!" అన్నాడు తమ్ముడు.

"అందుకే కోసుంటే నగలూ పట్టుకెళ్లేవాడు. దొంగతనంలా కనపడాలి కదా. వీడు నగలు ముట్టలేదు. సొంత అక్కవి ఎలా ముడతాడు?"

భార్య తమ్ముడి ఎదురుగా వచ్చి నిలబడింది.

"తియ్యరా."

"అక్కా, నీ మంచికే..."

"తియ్యి."

బనీను కిందనుంచి రెండు పాస్‌పోర్టులు బయటికొచ్చాయి, చెమటకు తడిసి.

"ఈ వయసులో ఊళ్లు పట్టుకు తిరగడమేంటక్కా? నలుగురూ నవ్వుతున్నారు. బావగారు హాయిగా మా కొట్లో కూర్చుంటే..."

"ముప్పై ఏళ్లు కూర్చున్నానోయ్," అన్నాడు భర్త. "కూర్చుని కూర్చునే మోకాళ్లు సగం అరిగాయి. మిగతా సగం నడిచి అరగనీ."

"నవ్వే నలుగురూ మా సామాను మోస్తున్నారా?" అంది ఆమె.

తక్కెడ పెన్ను తీశాడు. "కంప్లైంట్ ఇస్తారా?"

"ఇస్తే సాక్ష్యం కోసం మమ్మల్ని ఇక్కడే ఆపుతారు, పడవ పోతుంది. వీడికి కావలసిందీ అదే. ఇవ్వను."

మర్నాడు రేవులో సామాను మోసింది తమ్ముడే.

"ఏ ఊరికో చెప్పనైనా చెప్పక్కా."

"చెప్పను."

"మరి ఇంటి దగ్గర అడిగితే ఏమనాలి?"

ఆమె అప్పటికే పడవెక్కి, భర్తకు చెయ్యందిస్తోంది.

"ఇంకా వెళ్తూనే ఉన్నారని చెప్పు."