ఒక సీటు, రెండు కర్చీఫులు

"కంపాటిబిలిటీ" అన్నారు జగ్గారావు గారు, ఎప్పటిలాగే.

హైమవతి కళ్లజోడు తీసి టేబుల్ మీద పెట్టింది. ఆ మాట ఎన్ని మీటింగుల్లో విన్నదో ఆవిడకే గుర్తులేదు. పాత కోడ్ ఆగిపోకూడదు. పాత కోడ్‌ని ముట్టుకోకూడదు. రాసినవాళ్లు రిటైరైపోయారు కాబట్టి అదేం చేస్తోందని అడగనూ కూడదు. బయట విశాఖలో డ్రైవర్ లేని బస్సులు తిరుగుతున్నాయి, సముద్రపు నీళ్లు కుళాయిల్లో మంచినీళ్లయి వస్తున్నాయి. ఈ గదిలో మాత్రం ఒకే ఒక్క ఫంక్షన్‌ని తీసెయ్యడానికి ఏళ్లూ పూళ్లూ పడుతోంది.

ఆ ఫంక్షన్ సంగతి చెబితేగానీ ఈ కథ ముందుకు నడవదు. కాస్త ఓపిక పట్టండి, పెద్ద బ్రహ్మవిద్యేం కాదు.

ఆ రోజుల్లో మన యంత్రాలన్నీ 'పలక' అనే ప్రోగ్రామింగ్ భాషలో పనిచేసేవి. ఏ భాషకైనా స్టాండర్డ్ లైబ్రరీ అని ఒకటి ఉంటుంది. అందరికీ పదేపదే అవసరమయ్యే పనుల్ని ముందే రాసి పెట్టిన సామాన్ల గది అనుకోండి, అందులో ఒక్కో సామానే ఒక్కో ఫంక్షన్. పలక లైబ్రరీ బాగోగులు చూసే పని హైమవతిది. అందులో 'తాత్కాలిక పేరు' అని ఒక పాత ఫంక్షన్ ఉంది. యంత్రం పని మధ్యలో ఏదైనా కాసేపు రాసి పెట్టుకోవాలంటే టెంపరరీ ఫైల్ కావాలి, దానికి ఇంకెవరూ వాడని పేరు కావాలి. అడిగితే ఈ ఫంక్షన్ వెతికి, ఫలానా పేరు ఖాళీగా ఉంది అని చెబుతుంది. చెప్పి ఊరుకుంటుంది. అక్కడే ఉంది తంటా అంతా. పేరు విన్న యంత్రం వెళ్లి ఫైల్ తెరిచేలోగా రెప్పపాటు కాలం గడుస్తుంది. ఆ రెప్పపాటులో ఇంకో యంత్రం వచ్చి అడిగిందా, దానికీ అదే పేరు చెబుతుంది.

హైమవతి దీనికి బదులు కొత్త ఫంక్షన్ రాసింది. అది పేరు చెప్పడంతో సరిపెట్టదు. ఫైల్‌ని తనే తెరిచి, ఇంకెవరూ రాకుండా గడియ పెట్టి మరీ చేతికిస్తుంది. పాతదాన్ని డెప్రికేట్ చేద్దామని ఆవిడ పోరు. అంటే ముందు, ఇది పాతబడింది, వాడకండి అని వార్నింగ్ ఇవ్వడం, ఆ తర్వాతి వెర్షన్లో ఏకంగా తీసెయ్యడం.

"ఆ రెప్పపాటులో ఇద్దరూ కలిసి రావడం నిజంగా ఎప్పుడైనా జరిగిందా మేడం?" జగ్గారావు గారు మెత్తగా అడిగారు. పలక భాష కమిటీకి ఆయన అధ్యక్షుడు. మెత్తగా మాట్లాడే అందరినీ ఇళ్లకు పంపేస్తారు. "ఒక్క మనిషికి నష్టం జరిగిందని చూపించండి. ఆ రోజే తీసేద్దాం."

హైమవతి సంచి సర్దుకుంది. వాదించే ఓపిక లేదు.

ఇంటికి చేరేసరికి భోజనాల వేళ దాటిపోయింది. భర్త సుదర్శనం కిటికీ దగ్గర కుర్చీలోనే ఉన్నాడు. వంటమనిషి పెట్టింది తిని, ఆకుపచ్చ కర్టెన్ పక్కకి జరిపి, రోడ్డు చూస్తూ. చెప్పులైనా విడవకుండా ఆవిడ ఎదురు కుర్చీలో కూలబడింది.

"ఓపిక లేదండీ" అంది.

"పడుకో హైమా" అన్నాడు ఆయన. అంతే, వాళ్లిద్దరి మాటలూ ఆ పూటకి అయిపోయాయి.

సుదర్శనం ఒకప్పుడు కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పేవాడు. మెదడులో నరం చిట్లినప్పటినుంచి పాత విషయాలన్నీ గుర్తే గానీ, ఇవాళ జరిగింది రేపటికి నిలవదు. అలాంటివాళ్ల కోసమే 'నెమరు' వచ్చింది. చెవి వెనక అతికించుకునే చిన్న బిళ్ల. రోజంతా మనిషి చూసిందీ విన్నదీ పోగుచేస్తుంది. ఆ మనిషి నిద్రపోయాక ఆసుపత్రి సర్వర్‌లో ఒక టెంపరరీ ఫైల్లో రాసి, వరసలో పెట్టి, తెల్లారేలోగా తిరిగి మెదడుకి అందిస్తుంది. అన్నట్టు, చోటు కలిసొస్తుందని దాన్ని తయారుచేసిన మనవాళ్లు ఒక తెలివైన పని చేశారు. నెమరు మనుషుల్ని ముఖాలతో రాయదు, చుట్టరికాలతో రాస్తుంది. భార్య, బావమరిది, పక్కింటాయన, ఇలాగ. ముఖం ఎవరిదో మెదడే పాత జ్ఞాపకాల్లోంచి తీసి అతికించుకుంటుంది.

దానివల్ల సుదర్శనం మళ్లీ మనిషయ్యాడు. ఒక్కటే చిత్రం. వారంలో సగం రోజులు పొద్దున్నే లేచి, నిన్న బీచ్‌లో ఎంత బాగుందో అనేవాడు.

"మెట్ల పక్క బెంచీ మీద కూర్చున్నాం. మురీ మిక్చర్‌లో మిరపకాయ ముక్కలు ఏరి నువ్వు తినేశావు, మిగతాది నాకిచ్చావు."

హైమవతికి కడుపులో అల్సర్. మిరపకాయ ముట్టుకుని ఎన్నేళ్లయిందో. డాక్టర్ని అడిగితే, మెదడు ఖాళీల్ని అలా కల్పించి పూడ్చుకుంటుందిలెండి అన్నాడు. మొదట్లో, కాదండీ, నిన్న నేను ఆఫీసులో ఉన్నాను అని చెప్పబోయింది. ఆయన ముఖంలో వెలుగు చూసి మానేసింది. తర్వాత్తర్వాత, "అవునండీ, బాగుంది" అనడం అలవాటైపోయింది. నిజం చెప్పొద్దూ, ఆ మాట అన్న రోజున ఆఫీసుకి వెళ్లడం కాస్త తేలికగా ఉండేది.

పైడమ్మ అనే ఆవిడ ఆఫీసుకి వచ్చింది ఆ తర్వాతి వారమే. ఆసుపత్రివాళ్లు బిళ్ల కంపెనీకి పొమ్మన్నారట, కంపెనీవాళ్లు సాఫ్ట్‌వేర్ వాళ్లని అడగమన్నారట, చివరికి ఎవరో ఇక్కడి అడ్రస్ ఇచ్చి వదిలించుకున్నారు. ఆమె భర్త అప్పలకొండ పోర్టులో క్రేన్ నడిపేవాడు. ఆయనకీ నెమరే.

"రోజూ సాయంత్రం బీచ్‌కి తీసుకెళ్తానండి. ఎండైనా వానైనా. పొద్దున్న లేచి ఏటంటాడో తెలుసా? నన్నెక్కడికీ తీసుకెళ్లవు, రోజంతా కిటికీ కాడ కూకోబెట్టేసి పోతావు అంటాడు. రోజూ కాదు, వారంలో నాలుగు రోజులు అదే గోల. మా ఇంట్లో కిటికీ పక్కన కుర్చీ పట్టే చోటే లేదమ్మా."

హైమవతికి విషయం అర్థమైంది. అన్నేళ్లుగా వెతుకుతున్న రుజువు తనంతట తనే గుమ్మంలోకి నడిచొచ్చింది. అలసట కూడా మరిచిపోయి కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"మీరు బస్సులో సీటుకి కర్చీఫ్ వేస్తారా?"

"వెయ్యకపోతే సీటెలా దొరుకుద్ది?"

"కిటికీలోంచి చూస్తే సీటు ఖాళీ. కర్చీఫ్ వేశారు. అదే క్షణంలో అటుపక్క కిటికీలోంచి ఇంకొకరూ వేశారు. ఇద్దరూ ఎక్కారు. ఇద్దరికీ అది వాళ్ల సీటే. మీ ఆయన ఫైల్‌కి ఇచ్చిన పేరే ఇంకొకాయన ఫైల్‌కీ ఇస్తోంది మా ఫంక్షన్. ఎవరి రోజు ఆఖర్న రాస్తే అదే ఇద్దరికీ అందుతుంది. మీ ఆయనకి ఒక్కోరోజు ఆ ఇంకొకాయన రోజు వస్తోంది."

పైడమ్మ ముందుకి వంగింది. "అయితే ఆయనకి మా బీచ్ వెళ్తోందన్నమాట."

"వెళ్తోంది."

"పాపం, వెళ్తే వెళ్లనీ గానీ," అంది పైడమ్మ, "ఆ ఇంట్లో ఆడమనిషెవరో మరీనమ్మా. రాత్రెప్పుడో వస్తదంట. చెప్పులిడవకుండానే కుర్చీలో కూలబడి, ఓపిక లేదండీ అంటదంట. పచ్చ కర్టెనంట. మా ఆయన రోజంతా ఆ కర్టెన్ జరిపి రోడ్డు చూస్తా కూకుంటాడంట ఆవిడ కోసం. ఆ మాటలన్నీ నన్నంటాడు."

హైమవతి మంచినీళ్ల గ్లాసు అందుకుంది. తాగలేదు.

పైడమ్మని లిఫ్ట్ దాకా సాగనంపి ఆవిడ తన గదికి తిరిగొచ్చింది. ఇది ఇంకెవరికీ తెలియదు. కమిటీ ఎలాగూ నిద్రపోతోంది. నోరు మూసుకుంటే చాలు, సుదర్శనానికి వారంలో సగం సాయంత్రాలు సముద్రం దక్కుతుంది, పక్కన పెళ్లాం దక్కుతుంది. తను పని మానక్కర్లేదు. ఆవిడకి తనమీద తనకే రోత పుట్టింది, అయినా ఆ ఆలోచన వదల్లేదు. లిఫ్ట్ దగ్గర పైడమ్మ అన్న మాట అడ్డం పడింది. "నేను చేసింది ఆయనకి తెలిస్తే చాలమ్మా. ఇంకేం వద్దు."

సాయంత్రానికి రిపోర్టు కమిటీకి పంపింది.

జగ్గారావు గారు అదిరిపోయారు. "అయ్యో, ముందే చెప్పకపోయారా మేడం," అన్నారు. ఏళ్ల తరబడి కదలని ఫంక్షన్ ఒక్క మీటింగులో ఎగిరిపోయింది. వార్నింగు కూడా లేదు, నేరుగా తీసివేతే. కమిటీవాళ్లు సన్మానం పెట్టి హైమవతికి శాలువా కప్పారు. ఉపన్యాసాలు సాగి సాగి, ఆ రోజూ ఆవిడ ఇల్లు చేరేసరికి భోజనాల వేళ దాటింది.

పైడమ్మ ఫోన్ చేసింది. "ఇప్పుడు అన్నీ గుర్తుంటున్నాయమ్మా ఆయనకి. నిన్న అలల్లో చెప్పు పోయిందని కూడా చెప్పాడు." ఆమె ఏడుస్తోంది. హైమవతి సంతోషమమ్మా అంది. సంతోషమే, అబద్ధమేం కాదు.

ఇక్కడ సుదర్శనం పొద్దున్నే లేచి బీచ్ మాటెత్తకుండా కాఫీ తాగుతున్నాడు. రెండు మూడు రోజులు చూశాడు. చివరికి అడిగాడు.

"ఒంట్లో బాగుండట్లేదా హైమా?"

"బాగానే ఉన్నానండీ. ఏం?"

"ఈమధ్య మనం అస్సలు బీచ్‌కి వెళ్లట్లేదు. అంత తీరిక చేసుకుని తీసుకెళ్లేదానివి, ఒక్కసారిగా మానేశావంటే ఏదో ఉండే ఉంటుంది. నాకు చెప్పకుండా దాచకు."

ఆయన గొంతులో నిష్టూరం ఉన్నా బాగుండేది. లేదు. బెంగ ఉంది.

ఆ సాయంత్రం హైమవతి మీటింగు ఎగ్గొట్టి ఆయన్ని బీచ్‌కి తీసుకెళ్లింది. తీసుకెళ్లింది అనడం కూడా తప్పే. బస్సు దిగాక ఎటు వెళ్లాలో ఆవిడకి తెలియదు, ఆయనే దారి చూపించాడు. మురీ మిక్చర్ బండిమీది అమ్మాయి, "కొత్తగా వచ్చారా అండీ?" అని అడిగింది.

"రోజూ వచ్చేవాళ్లమే తల్లీ, ఇన్నాళ్లూ చూళ్లేదా?" అని నవ్వాడు సుదర్శనం. పొట్లం హైమవతి చేతికిచ్చి ఎదురుచూస్తూ నిలబడ్డాడు. ఎందుకు ఎదురుచూస్తున్నాడో ఆవిడకి ఒక క్షణం తర్వాత గుర్తొచ్చింది. మిరపకాయ ముక్కలు ఒక్కొక్కటే ఏరి తిన్నది. కళ్లంట నీళ్లు కారాయి.

"ఎప్పుడూ లేనిది, కారమా?"

"కొంచెం."

మెట్లు దిగాక ఆయన ఆగిపోయాడు. పక్కనున్న బెంచీ మీద పైడమ్మ, అప్పలకొండ కూర్చుని ఉన్నారు. పైడమ్మ తల తిప్పి నవ్వబోయింది. ఆమె హైమవతి వెనకున్న మనిషిని చూసింది, ఆయన చెవి వెనక బిళ్లని చూసింది, హైమవతి తడి కళ్లని చూసింది. నవ్వు ఆగిపోయింది. భర్తని పక్కకి జరిపి, చోటు చేసింది.

"వద్దమ్మా, కూర్చోండి" అన్నాడు సుదర్శనం మర్యాదగా. హైమవతి చెయ్యి పట్టుకుని నాలుగడుగులు ఇవతలికి తెచ్చి, గొంతు తగ్గించాడు. "మన చోటు ఎవరో తీసేసుకున్నారు హైమా. మనం నాలుగు రోజులు రాకపోయేసరికి ఖాళీ అనుకున్నట్టున్నారు. రేపు కాస్త ముందే వద్దాం. కర్చీఫ్ వేసి పెడతాను."

"అలాగేనండీ" అంది హైమవతి.

ఇద్దరూ ఇసకలో కూర్చున్నారు. రేపు పొద్దున్నకి ఆయనకి ఇదంతా గుర్తుంటుంది. తను అలాగేనండీ అన్న మాటతో సహా, ఉన్నది ఉన్నట్టు. దానికి హైమవతిదే పూచీ.