అప్‌డేట్ పెట్టింది ఎవరు

పొద్దున ఆరున్నరకి ఇంజనీరుగారు ఒక చేత్తో పళ్ళు తోముకుంటూ రెండో చేత్తో ఫోనులో ఏదో నొక్కాడు. హాల్లో అల్మరా మీదున్న వైఫై రూటరు దీపాలన్నీ ఒక్కసారి ఆరిపోయి, మళ్ళీ ఒక్కొక్కటే వెలిగాయి. కిటికీ దగ్గర పేపరు చూస్తున్న పెద్దాయన తలెత్తాడు.

"ఏంట్రా అది?"

"అప్‌డేట్. చెప్పినా నీకు అర్థం కాదులే" అన్నాడు కొడుకు, నోటినిండా నురగతో.

పెద్దాయన మళ్ళీ పేపర్లో తల దూర్చాడు. నలభై ఏళ్ళు కుట్టుమిషన్లు బాగుచేసిన మనిషి. కొడుకంటే ఆయనకి మొదట్నుంచీ చిన్నచూపే. ఇంజనీరని పేరుకే గానీ కుళాయి కారితే పక్కింటాయన్ని పిలిచే రకం. ఆ మాట కొడుకు మొహానే ఎన్నోసార్లు అన్నాడు కూడా.

తొమ్మిదింటికి కోడలు తన పాత ల్యాప్‌టాప్ తెరిచింది. వైఫై కలవలేదు. మూసి తెరిచింది. పాస్‌వర్డ్ మళ్ళీ కొట్టింది. ఊహూఁ.

ఆవిడకి ఆ రోజు పదకొండింటికి పరీక్ష. ఇంట్లోంచే నెట్‌లో పిల్లలకి లెక్కలు చెప్పే ఉద్యోగం. ఉద్యోగమిచ్చేవాళ్ళు అవతల కూర్చుని చూస్తారు, ఈవిడ ఒక పాఠం చెప్పాలి. నచ్చితే ఉద్యోగం, టైముకి రాకపోతే ఇంకొకరికి. బడిలో పని మానేసి ఎనిమిదేళ్ళయింది. ఈ కబురు కోసం నాలుగు నెలలు ఎదురుచూసింది.

"ఏవండీ, నెట్ రావడం లేదు."

"నాకొస్తోందే. నువ్వే ఏదో నొక్కి ఉంటావు."

"నేనేం నొక్కలేదు. టీవీకి వస్తోంది, మన ఫోన్లకి వస్తోంది. నా ల్యాప్‌టాప్‌కీ, మామయ్యగారి పాత ఫోనుకీ మాత్రం..."

"ఆ డబ్బా తీసి చెత్తలో పడెయ్" అని లేచాడు ఇంజనీరుగారు.

అక్కణ్ణుంచి చూడాలి ఆయన ప్రతాపం. రూటరు తీగ పీకి పెట్టాడు. దాని కొమ్ములు అటు వంచాడు, ఇటు వంచాడు. అల్మరా మీంచి ఫ్రిజ్ మీదికి మార్చాడు. సెట్టింగుల్లోకి పోయి కనబడ్డవన్నీ మార్చేశాడు. ఏది ఎందుకు మార్చాడో, మార్చకముందు ఎలా ఉందో ఆయనకే గుర్తులేదు. పెద్దాయన పేపరు చాటునుంచి చూస్తూ లోపల్లోపల నవ్వుకున్నాడు. 'ఒక మర తిప్పి చూసుకుని ఇంకో మర ముట్టుకోవాలని నా కొట్లో ఊడ్చే ముసలమ్మకి కూడా తెలుసు.' అయినా నోరు విప్పలేదు. వాడు ఓడిపోతుంటే చూడ్డానికి బాగుంది.

పదీ నలభై అయింది.

"పోనీ మీ ల్యాప్‌టాప్ ఒక్క గంట ఇవ్వండి."

"ఆఫీసుది. ఇంకొకళ్ళు ముట్టుకోకూడదు."

"ఫోన్లో చెబితే వాళ్ళు ఒప్పుకోరు. ఫోను డేటా పెట్టుకుందామంటే ఇంట్లో పాఠానికి సరిపడా సిగ్నల్ రాదు. ఏవండీ, పాతవాటికే రావడం లేదు. ఒక్కసారి వినండి."

"నువ్వు నాకు చెప్పొచ్చావా? రెండు రెళ్ళు నాలుగని చెప్పడానికి ఇంత హడావుడి. నీ చెయ్యి పడితే బాగున్నది కూడా పాడవుతుంది."

కోడలు ల్యాప్‌టాప్ మూత మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

పెద్దాయన చేతిలోంచి పేపరు జారింది. 'నీ చెయ్యి పడితే' అన్న ఆ మాట ఆయనది. అచ్చంగా ఆయనదే. పదకొండేళ్ళ పిల్లాడిని కొట్లో, ముగ్గురు ఖాతాదార్ల ముందు నిలబెట్టి అన్నాడు. ఆ సాగదీత కూడా అదే.

"ఒరేయ్, ఇటు చూడు" అన్నాడు. "నువ్వు కుట్టుమిషను షటిల్ విరగ్గొట్టావని నీ చిన్నప్పుడు తిట్టాను, గుర్తుందా?"

"ఇప్పుడెందుకు నాన్నా అది?"

"విరగ్గొట్టింది నేనురా. చేతిలోంచి జారిపడింది. ఖాతాదార్ల ముందు ఒప్పుకోలేక నీమీద పెట్టాను. తర్వాత నిజంగానే నీకేం చేతకాదని నమ్మేశాను. పొద్దుట్నుంచీ ఇక్కడ కూర్చుని నీ అవస్థ చూసి నవ్వుకుంటున్నాను. ఆ అమ్మాయి ఏం చేసిందిరా? అప్‌డేట్ పెట్టింది ఎవరు?"

కొడుకు మొహంలో రంగు పోయింది. తర్వాత వచ్చి భార్య పక్కన కుర్చీ లాక్కున్నాడు.

"వేటికి రావడం లేదన్నావు?"

"పాతవాటికి."

"పాతవాటికే..." అని సెట్టింగుల్లోకి వెళ్ళాడు. ఈసారి నెమ్మదిగా. "అప్‌డేట్ వైఫై సెక్యూరిటీ తాళం పద్ధతి మార్చేసింది. కొత్త రకం తాళం ఒక్కటే పెట్టింది. పాతవాటికి అది తెలియదు." పాతా కొత్తా రెండూ ఒప్పుకునేది నొక్కి రూటరు ఆపి పెట్టాడు. మూడు నిమిషాలు. ముగ్గురూ దాని దీపాలవంకే చూస్తూ కూర్చున్నారు.

పదకొండుకి నాలుగు నిమిషాలుండగా ల్యాప్‌టాప్ కలిసింది. కోడలు గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. లోపల్నుంచి భిన్నాల పాఠం వినబడుతోంది. రొట్టెని ఎనిమిది ముక్కలు చేస్తోంది ఆవిడ. తడబాటు లేదు. ఇంత బాగా చెబుతుందని బయటున్న ఇద్దరు మగాళ్ళకీ తెలియదు.

ముప్పావు గంటకి తలుపు తెరుచుకుంది.

"సోమవారం నుంచి మొదలుపెట్టమన్నారు" అంది.

ఇంజనీరు లేచి నిలబడ్డాడు. "అప్‌డేట్ పెట్టింది నేను. నీమీద పెట్టాను."

"తెలుసు. కనెక్షన్ నా పేరునే ఉంది కదా. అప్‌డేట్ పెట్టారని ఆరున్నరకే నా ఫోనుకి మెసేజి వచ్చింది."

"మరి అనలేదేం?"

"అంటే ఎప్పుడైనా విన్నారా?"

అతని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తుడుచుకోలేదు. "ఇప్పుడు చెప్పు. వింటాను."

"ఎనిమిదేళ్ళవి ఉన్నాయి. కూర్చోండి."

కూర్చున్నాడు. మొగుడూ పెళ్ళాల మధ్య తనెందుకని పెద్దాయన మెల్లగా లేవబోయాడు.

"మీరెక్కడికి మామయ్యగారూ?" అంది కోడలు, ఇంకో కుర్చీ ముందుకు జరుపుతూ. "మీవీ ఉన్నాయి."