ఆపిన మాత్ర

గున్నమ్మ పళ్ళు తోముకుని ఉమ్మిన నీళ్ళలో ఇవాళ కూడా రక్తం కనిపించింది. మోచేతి దగ్గర తగలని దెబ్బకు కమిలిన మచ్చ ఉంది.

డాక్టర్ చెప్పినట్టు రక్తాన్ని పలుచబరిచే మాత్ర ఆపి వారం దాటింది. మర్నాడే గుండె ఆపరేషన్.

"వేపపుల్లతో గట్టిగా తోమేసినానే," అంది గున్నమ్మ.

కూతురు అరుణశ్రీ వినలేదు. అమ్మానాన్నలను ఆటో ఎక్కించి శ్రీకాకుళం ఆసుపత్రికి తీసుకెళ్ళింది. రక్తపరీక్ష చూసి డాక్టర్ ఝాన్సీలక్ష్మి కళ్ళద్దాలు తీసింది.

"ఆపరేషన్ వాయిదా. ఈమె కడుపులోకి ఆ మాత్ర ఇంకా వెళుతోంది."

"అమ్మా, దాసుకుని మింగుతన్నావేటి?"

"మింగమన్నప్పుడే ఏడిసీదాన్ని. దొంగతనంగా మింగుతానేటే?"

అరుణశ్రీకి ఒకటే అనుమానం. "ఆపరేషన్లో రక్తం పోకుండా మందిస్తామన్నారు కదండీ. అదుంటే భయమేంటి?"

"రక్తం గడ్డకట్టడమంటే గాయం మీద వల అల్లుకోవడం. పని అయ్యాక ఆ వలను కోసేసే కత్తెర కూడా ఒంట్లోనే ఉంటుంది. ఆపరేషన్లో రక్తాన్ని యంత్రంలో తిప్పినప్పుడు ఆ కత్తెర తొందరపడుతుంది. మా మందు దాన్ని పట్టి ఆపుతుంది, అంతే. కొత్త వల అల్లదు. మీ మాత్ర అసలు వలనే సరిగా అల్లనివ్వదు. లేని వలను మందేం కాపాడుతుంది? రేపు కోసుంటే రక్తం ఆపడం మా వల్ల కాకపోవును."

డాక్టర్ అరుణశ్రీ వైపు తిరిగింది.

"ఇంట్లో ఈమెకు తిండి ఎవరు పెడతారు?"

గున్నమ్మ నవ్వింది. "ఇన్నేళ్ళకి మా మావ సోడంబలి కలిపిస్తన్నాడమ్మా. ఆపరేషనంటే మొగుడికి పేమ పుడతాది."

అందరి చూపూ తలుపు దగ్గరున్న ఎర్రన్న మీదికి వెళ్ళింది. అతను తువ్వాలు నలుపుతూ గోడకు ఆనుకున్నాడు.

"నాన్నా?"

"నానే. అంబలిలో నలిపి కలిపినాను. గడ్డ అడ్డుపడే గదా దీని గుండె ఆగబోయింది. మళ్ళీ రక్తం ఆపే మందంటే, ఇంకో గడ్డ కట్టించేస్తారేటో అని బయ్యమేసింది. అడుగుదునా, డాట్రమ్మ నవ్వుతాదేమోనని సిగ్గు. దీన్ని నాను కాపాడతన్నాననుకున్నాను తల్లీ. నా సేత్తోనే సంపేసీవోణ్ణి."